రోజూ వాడే ఇంగ్లిష్ మాటల లోతు చూడటం ఎలా: అర్థం, వాడుక, పుట్టుక

ఇంగ్లిష్ బాగా రావాలంటే కొత్త పదాలు బట్టీ పట్టాలని చాలామంది నమ్మకం. రోజుకు పది, నెలకు మూడొందలు అని లెక్క వేసుకుని, ఎవరూ ఎక్కడా మాట్లాడని పదాల జాబితాలు ముందేసుకుని కూర్చుంటారు, వారం తిరిగేసరికి సగం మర్చిపోతారు, ఇక ఇది మనకు రాదులే అని పుస్తకం మూసేస్తారు. నా సలహా దీనికి పూర్తిగా రివర్స్. కొత్త పదాల్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీకు ఎప్పటినుంచో తెలుసు అనుకుంటున్న పదాలు, పొద్దున లేచింది మొదలు నోట్లో నానే ‘ఫైన్’, ‘చెక్’, ‘డౌట్’, ‘టెస్ట్’, ‘డెడ్‌లైన్’ లాంటివి, వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని తీరిగ్గా చూడండి. పదానికి ఓ పావుగంట పెడితే చాలు. అలా చూసిన పదం గుర్తుండిపోతుంది, దానితోపాటు దాని చుట్టాలు నాలుగైదు పదాలు కూడా వచ్చి చేరతాయి.

చూడటానికి ఒక వరస ఉంది. ముందు, ఈ వాక్యంలో ఈ పదానికి అర్థం ఏంటి? తర్వాత, ఇది ఏ పదాల పక్కన వస్తుంది, ఎవరితో ఎలాంటప్పుడు అనొచ్చు? చివరగా, ఎక్కడినుంచి వచ్చింది? కథలు బాగుంటాయి కాబట్టి చాలామంది నేరుగా చివరి ప్రశ్నకి దూకుతారు. నాకూ ఆ కథలంటే ప్రాణం, కానీ వాటితో మొదలుపెడితే పప్పులో కాలేయడం ఖాయం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఏ డిక్షనరీ, అందులో ఏం చూడాలి

ఇంగ్లిష్–తెలుగు డిక్షనరీతో మొదలుపెట్టడంలో తప్పేం లేదు, అక్కడే ఆగిపోతేనే చిక్కు. తెలుగులో ‘చూడు’ అనే ఒక్క మాట చేసే పనిని ఇంగ్లిష్‌లో ‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ పంచుకుంటాయి. కంటికి దానంతట అదే కనబడితే ‘సీ’, కావాలని చూపు తిప్పితే ‘లుక్’, కదిలేదాన్నో మారేదాన్నో కాసేపు శ్రద్ధగా చూస్తుంటే ‘వాచ్’. అలాగే ‘సెన్సిబుల్’, ‘సెన్సిటివ్’ రెండూ వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ మొదటిది వివేకం ఉన్నవాళ్లకి, రెండోది చిన్నమాటకే నొచ్చుకునేవాళ్లకి. ఇలాంటి తేడాలు ఒక్క తెలుగు మాటతో తేలవు.

అందుకే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసమే తయారుచేసిన ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీ వాడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఇలాంటివి వేశాయి, మూడూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లాంగ్‌మన్ వాళ్లు అర్థాలన్నీ సుమారు 2000 తేలికైన పదాల్లోనే చెప్పాలని నియమం పెట్టుకున్నారు, అందుకని ఒక పదం అర్థం కోసం వెళ్లి ఇంకో నాలుగు పదాలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. లెర్నర్స్ డిక్షనరీల్లో ఎక్కువగా వాడే అర్థం ముందు వస్తుంది. మెరియం–వెబ్‌స్టర్‌లో మాత్రం అర్థాల్ని పాతదాని నుంచి కొత్తదాని వైపు పేరుస్తారు, పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుదీ చరిత్ర వరసే. ఇది తెలియక మొదటి అర్థమే ముఖ్యమనుకుని, ఎప్పుడో వాడుక తగ్గిపోయిన అర్థాన్ని పట్టుకుని వాక్యం రాసేవాళ్లు ఉన్నారు. కాబట్టి ఏ డిక్షనరీ తెరిచారో ముందు చూసుకోండి, తర్వాత అర్థాలన్నీ చివరిదాకా చదివి మీ వాక్యంలో ఏది అతుకుతుందో మీరే తేల్చుకోండి.

అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే లేబుళ్లని అస్సలు వదలొద్దు. లెక్కపెట్టగలిగే పదమా కాదా అన్నది అక్కడే ఉంటుంది. ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’, ‘ఎక్విప్‌మెంట్’ లెక్కపెట్టని పదాలు, వీటి చివర ‘ఎస్’ చేర్చకూడదు, ముందు ‘యాన్’ పెట్టకూడదు. ఒక సలహా అనాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. సలహాలు, సమాచారాలు అని మనం హాయిగా బహువచనం చేసేస్తాం కాబట్టి తెలుగు మనసుకి ఇది తొందరగా ఎక్కదు, ఓపిగ్గా అలవాటు చేసుకోవాలి. ‘ఫార్మల్’, ‘ఇన్‌ఫార్మల్’, ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’, ‘ఆఫెన్సివ్’ అనే లేబుళ్లు పదాన్ని ఎక్కడ అనొచ్చో ఎక్కడ అనకూడదో చెబుతాయి. బ్రిటిష్, అమెరికన్ అనే లేబుల్ అయితే ఒక్కోసారి అర్థాన్నే తిరగేస్తుంది. మీటింగ్‌లో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దాం అంటే బ్రిటన్‌లో చర్చకు తీసుకుందాం అని, అమెరికాలో ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరుదేశాల అధికారుల మధ్య ఈ ఒక్క పదం మీద పెద్ద వాదనే నడిచిందని, చివరికి చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ రాశారు.

పక్కన ఏ పదం ఉందో చూడండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. పదాన్ని దాని పక్కనున్న పదాల్ని బట్టే గుర్తుపట్టగలమని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్.ఫర్త్ 1957లో రాశారు. జోరువానని ‘హెవీ రెయిన్’ అంటారు, ‘స్ట్రాంగ్ రెయిన్’ అనరు. గాలి మాత్రం ‘స్ట్రాంగ్ విండ్’. కాఫీ ‘స్ట్రాంగ్’, ఇంజిన్ ‘పవర్‌ఫుల్’. ‘మేక్ ఎ మిస్టేక్’ అనాలి, ‘డూ ఎ మిస్టేక్’ కాదు. హోంవర్క్ దగ్గరికొస్తే ‘డూ’. ఇందులో లాజిక్ వెతక్కండి, దొరకదు. తెలుగులోనూ ఇంతే, స్నానం చేస్తాం, అబద్ధం ఆడతాం, ఒట్టు వేస్తాం, ఎందుకంటే అంతే. జంట పదాన్ని జంటగానే నేర్చుకోవాలి, విడదీస్తే ప్రయోజనం లేదు.

కొన్ని పదాలు పైకి మామూలుగా కనబడుతూనే లోపల మంచో చెడో రంగు పూసుకుని ఉంటాయి. ‘కాజ్’ అనే క్రియ తీసుకోండి. డిక్షనరీ అర్థం కారణమవడం, అంతే. కానీ దాని తర్వాత వచ్చే పదాలు వరసగా రాసి చూస్తే సమస్య, నష్టం, ఆలస్యం, నొప్పి, ప్రమాదం, ఇలా దాదాపు అన్నీ చెడ్డవే కనబడతాయి. అందుకే ‘యువర్ లెటర్ కాజ్‌డ్ మీ హ్యాపీనెస్’ అంటే వ్యాకరణం అంతా సరిగ్గానే ఉన్నా ఇంగ్లిష్‌లో పెరిగిన చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. ఈ రంగు తెలుగు అర్థం చదివితే తెలియదు, ఉదాహరణ వాక్యాలు ఓ పది చదివితేనే తెలుస్తుంది.

ఇలాంటి వాక్యాలు గుట్టలుగా ఒకేచోట దొరికే ఏర్పాట్లు ఉన్నాయి, వాటిని కార్పస్‌లు అంటారు. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో 10 కోట్ల పదాల నిజమైన రాతలు, మాటలు ఉన్నాయి. అమెరికన్ ఇంగ్లిష్‌కి ‘కోకా’ అనే కార్పస్ ఉంది, అందులో 100 కోట్ల పదాలు దాటాయి. ‘హెవీ రెయిన్’, ‘స్ట్రాంగ్ రెయిన్’ రెండూ కొట్టి ఎన్నిసార్లు వచ్చాయో పోల్చి చూడండి, ఎవర్నీ అడగక్కర్లేదు. అంత ఓపిక లేకపోతే గూగుల్ వాళ్ల ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో రెండు మాటలూ కామా పెట్టి రాస్తే పుస్తకాల్లో ఏ ఏడాది ఏది ఎంత వాడారో గీతలు గీసి చూపిస్తుంది.

‘డౌట్’ గురించి ఒక మాట. తెలుగులో సందేహం అంటే అర్థం కానిది అడగడం కూడా, నమ్మకం లేకపోవడం కూడా. మనం ఆ రెండు పనుల్నీ ఇంగ్లిష్ ‘డౌట్’ నెత్తిన పెట్టేశాం. పాఠం చెప్పినాయనతో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మన మధ్య చక్కగా చెల్లుతుంది గానీ బ్రిటిష్ మనిషో అమెరికన్ మనిషో వింటే మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి కావట్లేదు అన్నట్టు తోచవచ్చు. అలాంటిచోట ‘క్వశ్చన్’ అంటే ఏ గొడవా ఉండదు.

‘ఫైన్’ని చివరిదాకా చూద్దాం

ఇంతవరకు చెప్పినదంతా ఒక్క పదం మీద పెట్టి చూస్తే ఎలా ఉంటుందో చూపిస్తాను. డిక్షనరీలో ‘ఫైన్’ ఒకచోట విశేషణంగా, ఇంకోచోట నామవాచకంగా విడివిడిగా కనబడుతుంది. విశేషణం కింద బాగుండటం, కులాసాగా ఉండటం, మేలిరకం, సన్ననిది, మెత్తగా పొడి చేసినది అని వరసగా అర్థాలు. నామవాచకం కింద జరిమానా. బాగుండటానికీ జరిమానాకీ ఏంటి సంబంధం అన్న ప్రశ్న మనసులో పెట్టుకుని ముందు వాడుక చూడండి.

‘హౌ ఆర్ యూ’ అంటే ‘ఫైన్’ అనడం బడిలోనే నేర్పుతారు. కానీ ఎవరైనా ఇంకొంచెం కాఫీ పోయనా అని అడిగినప్పుడు ‘ఐయామ్ ఫైన్’ అంటే, నాకు చాలు, వద్దు అని. అవునో కాదో తేలక అవతలివాళ్ల ముఖం చూసేది ఇక్కడే. వాదన మధ్యలో ‘ఫైన్!’ అని ఒక్క ముక్క విసిరితే పైకి ఒప్పుకున్నట్టుంటుంది, అసలు అర్థం మాత్రం సరే నీ ఇష్టం పో అని. గొంతు మారితే అర్థం మారిపోతుంది, కాబట్టి మెసేజ్‌లో ఒంటరిగా ‘ఫైన్’ అని రాసేముందు ఆలోచించండి. ఇక ‘ఫైన్ ప్రింట్’ అంటే ఒప్పందం కింద చీమల బారులా ఉండే షరతులు, అక్కడ ‘ఫైన్’ సన్నని అనే అర్థంలో ఉంది. ‘ఫైన్ ట్యూన్’ చేయడంలోనూ ఆ సన్నదనమే.

ఇప్పుడు పుట్టుక. లాటిన్‌లో ‘ఫీనిస్’ అంటే ముగింపు, హద్దు. అది ఫ్రెంచ్‌లోకి వచ్చి, ఇక చేయాల్సింది ఏమీ మిగలనంతగా పూర్తయిన పని, అంటే మేలైన పని అన్న అర్థం తెచ్చుకుంది. మేలైన పనితనం సున్నితంగా ఉంటుంది కాబట్టి సన్నని, నాజూకైన అనే అర్థాలు పక్కనే పుట్టాయి. మరి జరిమానా? మధ్యయుగాల్లో తగాదాని ముగించుకోవడానికి కట్టే సొమ్ముకి ఆ పేరు వచ్చింది, గొడవకి ముగింపు పలికే డబ్బు అన్నమాట. ‘ఫైనాన్స్’ కూడా ఆ ఇంటిదే. పాత ఫ్రెంచ్‌లో అప్పు తీర్చి లెక్క ముగించడం అనే అర్థం నుంచి అది వచ్చింది. ‘ఫైనల్’, ‘ఫినిష్’ సంగతి సరే, ‘డిఫైన్’ అంటే హద్దు గీయడం, ‘కన్ఫైన్’ అంటే హద్దుల్లో ఉంచడం, ‘ఇన్ఫినిట్’ అంటే హద్దే లేనిది. ఒక్క పదం పట్టుకుంటే ఇన్ని వచ్చాయి. పదాల జాబితా బట్టీ పడితే ఈ బంధాలు ఎప్పటికీ కనబడవు, నా పట్టుదలంతా అందుకే.

వ్యుత్పత్తి చదవడం ఎలా

పుట్టుక వివరాలు పెద్ద డిక్షనరీల్లో పదం చివరో మొదట్లోనో ఒక వరసలో ఉంటాయి. ఉచితంగా చూడాలంటే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ, విక్షనరీ బాగా పనికొస్తాయి. ఆ వరసలో భాషల పేర్లు పొట్టి అక్షరాల్లో ఉంటాయి, కొత్తగా చూసేవాళ్లకి అదే బెదురు. ఓల్డ్ ఇంగ్లిష్ అంటే దాదాపు 1100 కంటే ముందుది, మిడిల్ ఇంగ్లిష్ అంటే అక్కడినుంచి 1500 వరకు, ఓల్డ్ నార్స్ అంటే వైకింగుల భాష. ‘విండో’ అలా వచ్చిందే, ఆ భాషలో దాని అర్థం గాలి కన్ను. పదం ముందు నక్షత్రం గుర్తు కనబడితే ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, తర్వాతి భాషల్ని పోల్చి పండితులు ఇలా ఉండి ఉండాలని కట్టిన రూపమని అర్థం. ఈ చిన్న గుర్తు తెలియక ఊహారూపాన్ని దొరికిన పదంలా చెప్పేవాళ్లు నెట్‌లో కొల్లలు.

పక్కన వేసిన సంవత్సరం పదం పుట్టినరోజు కాదు. రాతలో ఇప్పటివరకు దొరికిన మొదటి సాక్ష్యం అది. జనం నోట్లో అంతకుముందే ఉండొచ్చు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం వేలమంది పాఠకులు తాము చదివిన పుస్తకాల నుంచి వాక్యాలు చీటీల మీద రాసి పంపారు, మొదటి భాగం 1884లో, చివరిది 1928లో వచ్చింది. ఇవాళ్టికీ పాత పత్రికలు స్కాన్ అయ్యేకొద్దీ ఆ తేదీలు వెనక్కి జరుగుతూనే ఉన్నాయి.

పుట్టుక తెలిస్తే వాడుకలోనూ లాభం ఉంది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచాక కోర్టు, పాలన, చదువు ఫ్రెంచ్, లాటిన్‌లలో నడిచాయి, సామాన్యులు మాత్రం ఇంగ్లిషే మాట్లాడారు. అందుకని ఒకే అర్థానికి రెండేసి పదాలు మిగిలాయి: ‘హెల్ప్’–‘అసిస్ట్’, ‘బై’–‘పర్చేజ్’, ‘బిగిన్’–‘కమెన్స్’, ‘ఆస్క్’–‘ఎన్‌క్వైర్’. మొదటివి పాత ఇంగ్లిష్ పదాలు, పొట్టిగా, దగ్గరగా ఉంటాయి. రెండోవి ఫ్రెంచ్ దారిన వచ్చినవి, వాటిలో ఇప్పటికీ ఆఫీసు వాసన. స్నేహితుడికి మెసేజ్‌లో ‘కెన్ యూ అసిస్ట్ మీ’ అని రాస్తే బిగదీసుకున్నట్టు ఉండేది అందుకే.

స్పెల్లింగ్ చిక్కులు కూడా ఇక్కడే విడిపోతాయి. ‘డెట్’, ‘డౌట్’ పదాల మధ్యలో పలకని ‘బి’ ఎందుకుంది? ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు వాటిలో ‘బి’ లేదు. లాటిన్ మూలంలో ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలని తర్వాతి పండితులు చేర్చారు, జనం మాత్రం పలకలేదు. ‘ఐలాండ్’లో ‘ఎస్’ కథ ఇంకా అన్యాయం. అది అచ్చమైన పాత ఇంగ్లిష్ పదం, దానికి ఆ అక్షరం ఎన్నడూ లేదు. లాటిన్ నుంచి వచ్చిన ‘ఐల్’ని చూసి అదీ ఇదీ ఒకటేననుకుని తగిలించారు. ‘నైట్’ (రాత్రి కాదు, యోధుడు), ‘నీ’ (మోకాలు), ‘నైఫ్’ ముందున్న ‘కె’ అలా కాదు, ఒకప్పుడు దాన్ని నిజంగానే పలికేవారు. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో ముద్రణ మొదలుపెట్టాక అక్షరాలు మెల్లగా స్థిరపడుతూ వచ్చాయి, నోరు మాత్రం మారుతూనే పోయింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో సగం తలనొప్పికి కారణం ఇదే.

నాకు మహా ఇష్టమైన కోణం ఇంకోటి, ‘ఎన్’ అక్షరం దొంగతనాలు. ‘ఏప్రన్’ ఒకప్పుడు ‘నేప్రన్’. ముందు ‘ఎ’ పెట్టి గబగబా అంటుంటే ‘ఎ నేప్రన్’ కాస్తా ‘యాన్ ఏప్రన్’లా వినబడి, జనం అలాగే విడదీసేశారు. ‘అంపైర్’ కూడా అంతే, మొదట్లో దానికి ‘న’ ఉండేది. ‘నిక్‌నేమ్’ దీనికి ఎదురు దారిలో వచ్చింది: ‘ఈక్‌నేమ్’ అంటే అదనపు పేరు, ముందున్న ‘యాన్’ నుంచి ‘న’ ఊడి దీనికి అంటుకుంది. ‘ఆరెంజ్’ కథ మనకి మరీ దగ్గరిది. సంస్కృతంలో నారంగం, పర్షియన్‌లో నారంగ్, అరబిక్‌లో నారంజ్, అక్కడినుంచి యూరప్ చేరింది. ఆ ‘న’ ఇంగ్లిష్‌లోకి రాకముందే ఇటాలియన్, ఫ్రెంచ్ నోళ్లలో రాలిపోయింది. మన నారింజలో మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఇంకో మాట, ఇంగ్లిష్‌లో ఆ రంగుకి పండు పేరే పెట్టారు, పండుకి రంగు పేరు కాదు.

అబద్ధపు కథల్ని పట్టుకోవడం

పదాల పుట్టుక పేరుతో ఫార్వర్డ్ అయ్యే వాటిలో చాలాభాగం కల్పన. పట్టుకోవడానికి తేలికైన పరీక్ష: ఆ పదం ఫలానా మాటల మొదటి అక్షరాల కలయిక అని చెబితే, ఎప్పటి పదమో చూడండి. మొదటి అక్షరాలు కలిపి పదం చేయడం 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు. ‘రాడార్’, ‘లేజర్’ అలా పుట్టినవే, ఎందుకంటే అవి 20వ శతాబ్దపు పదాలు. ‘న్యూస్’ నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు అనేది వట్టిమాట. అది ‘న్యూ’కి బహువచనం, కొత్త సంగతులు, అంతే. రూపం బహువచనమైనా దాంతో ‘ఈజ్’ వాడతాం. ‘పాష్’ అనేది ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ మొదటి అక్షరాలని, ఓడ ప్రయాణంలో ఎండ తగలని గదుల టికెట్ల మీద కొట్టిన ముద్ర అని అంటారు, అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ బయటపడలేదు. హోటల్లో ఇచ్చే ‘టిప్’ని ‘టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్’ అని విడదీసి చెప్పే అక్షరాల కథా అలాంటిదే.

కొన్ని కథలు సగం నిజం, వాటితో మరీ జాగ్రత్త. ‘శాలరీ’ లాటిన్ ‘సలారియం’ నుంచి వచ్చింది, అందులో ఉప్పు అనే పదం ఉంది, ఇంతవరకు నిజం. రోమన్ సైనికులకి జీతం బదులు ఉప్పే కొలిచి ఇచ్చేవారనడానికి మాత్రం ఆనాటి ఆధారం లేదు.

నిజమైన చరిత్ర ఎలా ఉంటుందో ‘ఓకే’ చూపిస్తుంది. 1830ల చివర్లో అమెరికాలోని బోస్టన్ పత్రికల్లో మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగ్‌తో రాసి, వాటి మొదటి అక్షరాలు వేసే సరదా నడిచింది. ‘ఆల్ కరెక్ట్’ని ‘ఓల్ కొరెక్ట్’ చేసి, దాన్ని ‘ఓ.కె.’ అని 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ వేసింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్‌ని, ఆయన పుట్టిన కిండర్‌హుక్ ఊరి పేరుతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలిచేవారు కాబట్టి, ఆయన మద్దతుదారులు అవే రెండు అక్షరాల్ని ఎత్తుకున్నారు. ఆ ఊపులో పాత సరదా మాటలన్నీ చచ్చిపోయినా ఇది బతికింది. ఇదంతా 1960ల్లో అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు తిరగేసి తేల్చాడు. తేదీ, ఊరు, పత్రిక పేరు, ఎవరు తవ్వి తీశారు, అన్నీ ఉన్నాయి చూడండి. ఫార్వర్డ్ కథల్లో ఇవేవీ ఉండవు.

పదాన్ని ముక్కలు చేయడంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. లాటిన్ ‘మానుస్’ అంటే చెయ్యి అని తెలిస్తే ‘మాన్యువల్’, ‘మాన్యుస్క్రిప్ట్’, ‘మానిక్యూర్’ ఒక్కసారే అర్థమవుతాయి. కానీ కంటికి కనబడిన ముక్కల్లా నిజం కాదు. ‘హ్యాంబర్గర్’లో ‘హ్యామ్’ లేదు, జర్మనీలోని హాంబర్గ్ నగరం ఉంది. ‘ఫీమేల్’ అనేది ‘మేల్’కి ముందు ఏదో తగిలిస్తే వచ్చింది కాదు, ఫ్రెంచ్ ‘ఫెమెల్’, స్పెల్లింగ్ మాత్రం ‘మేల్’ని చూసి మారింది.

పుట్టుక అర్థం కాదు

మొదట్లో అన్న ప్రమాదం ఇదే. ‘నైస్’ లాటిన్‌లో ఏమీ తెలియని మనిషికి వాడే మాట నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో అడుగుపెట్టినప్పుడు తెలివితక్కువ అని అర్థం. అక్కడినుంచి ప్రతిదానికీ నసిగే మనిషి, తర్వాత సూక్ష్మంగా చూసే మనిషి, 18వ శతాబ్దానికి ఇంపైనది. ‘సిల్లీ’ సరిగ్గా ఎదురు దిశలో నడిచింది: దీవెన పొందిన, అమాయకమైన, పాపం అనిపించే, చివరికి తెలివితక్కువ. ‘గర్ల్’ అంటే ఒకప్పుడు మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా చెల్లేది. ఇవన్నీ తెలుసుకుని ఆనందించాలి గానీ, ‘నైస్’ అన్నవాళ్లని పట్టుకుని నువ్వు నన్ను తిట్టావు అనలేం కదా. ‘డెసిమేట్’ అంటే పదిమందిలో ఒకర్ని చంపడమే, ఇంకో అర్థంలో వాడకూడదని వాదించేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. ఇవాళ చదువుకున్నవాళ్లు దాన్ని భారీగా నాశనం చేయడం అనే అర్థంలో వాడుతున్నారు, డిక్షనరీలు నమోదు చేశాయి, వాదన అక్కడితో అయిపోయింది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

పదానికి ఒక పేజీ. పైన పదం, దాని కింద మీరు దాన్ని చూసిన వాక్యం యథాతథంగా, తర్వాత అక్కడి అర్థం మీ తెలుగులో, జంటగా వచ్చే రెండు మూడు పదాలు, పుట్టుక ఒకట్రెండు వాక్యాల్లో. చివర్న మీ జీవితం నుంచి ఒక వాక్యం ఇంగ్లిష్‌లో, డిక్షనరీ నుంచి కాపీ కొట్టింది కాదు. ఆ చివరి వాక్యం రాయడమే కష్టం, పదం మీదయ్యేది కూడా దానివల్లే.

ఉదాహరణకి ‘చెక్’ పేజీలో పుట్టుక దగ్గర రాజు అని రాసుకోవచ్చు. పర్షియన్‌లో ‘షా’ అంటే రాజు, చదరంగంలో రాజుకి గండం అని చెప్పే కేక ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లో ‘చెక్’ అయింది. రాజుకి కదలిక ఆగిపోతుంది కాబట్టి ఆపడం, ఆపి చూస్తాం కాబట్టి సరిచూడటం, మోసం జరక్కుండా సరిచూసుకునే కాగితం కాబట్టి బ్యాంకు చెక్కు, చదరంగం బల్లలా గళ్లుంటే గళ్ల చొక్కా.

‘డెడ్‌లైన్’ పేజీ కాస్త బరువుగా ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో 1864 నాటి ఆండర్సన్‌విల్ జైల్లో ఖైదీలు దాటకూడని గీత ఒకటి ఉండేది, దాటితే కాల్చేసేవారు, దాని పేరే అది. 20వ శతాబ్దంలో పత్రికాఫీసుల్లో వార్త అందించాల్సిన ఆఖరి గడువుకి ఈ మాట వాడసాగారు.

మొదటి వారానికి ఇవి తీసుకోండి: ‘కంపెనీ’, ‘బడ్జెట్’, ‘టెస్ట్’, ‘మజిల్’, ‘క్లూ’. వీటిలో ఒకదాని వెనక రొట్టె, ఒకదాని వెనక తోలుసంచి, ఒకదాని వెనక మట్టిమూకుడు, ఒకదాని వెనక చిట్టెలుక, ఒకదాని వెనక నూలుండ ఉన్నాయి. నేను ఇచ్చిన వరస పదాల వరసే. అయినా ముందు అర్థం, తర్వాత జంట పదాలు చూసి, ఆ పైనే వ్యుత్పత్తి తెరవండి.